అమ్మమ్మ ఉప్పు, మావయ్య కారు

చిరంజీవులు చిన్నాకి, బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ డాలస్‌లో అందరం క్షేమం. మొన్న వీడియో కాల్‌లో బుజ్జి ఒక ప్రశ్న వేసింది. "మావయ్య కారు బానే పరిగెడుతోందిగా తాతయ్యా, మరి ఇంజన్ లైటు ఎందుకు వెలుగుతోంది?" అంది. అంతలో మీ అత్తయ్య అన్నానికి పిలిచింది, మాట అక్కడే ఆగిపోయింది. నిజానికి గొడవంతా ఆ "బానే పరిగెడుతోంది"లోనే ఉంది. లోపలున్న జబ్బు బయటికి తెలియకుండా కారులోని కంప్యూటర్ సర్దుకుపోతోంది.

కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ రోజుల్లో విజయవాడ ఆటోనగర్‌లో మేం నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి రంగు చూసేవాళ్ళం. కాఫీపొడి రంగుంటే బాగున్నట్టు. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, అంటే లీన్. మసి పట్టి ఉంటే ఎక్కువ, అంటే రిచ్. స్క్రూ పావు చుట్టు తిప్పి మళ్ళీ చూడటమే. ఇప్పుడు ఆ పని సైలెన్సర్ గొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సర్ చేస్తోంది. 1976లో బాష్ కంపెనీ సెన్సర్‌తో వోల్వో 240 వచ్చింది, అదే మొదలు. నేనప్పుడు కొత్తగా పనిలో చేరి ప్లగ్గులు తోముతున్నా!

పొగలో ఆక్సిజన్ మిగిలితే పెట్రోలు తగ్గినట్టు. కంప్యూటర్ వెంటనే ఇంకొంచెం పోయిస్తుంది. అలా అప్పటికప్పుడు చేసే సవరణే షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. ప్లస్ అంటే పెట్రోలు పెంచుతోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది. మీ అమ్మమ్మ పులుసు రుచి చూసి చిటికెడు ఉప్పు వేస్తుంది చూడండి, అలాగ. వారం రోజులు వరసగా చిటికెడు వేయాల్సి వస్తే, ఈసారి కొన్న ఉప్పులో పస లేదని తెలుసుకుని మొదటే ఎక్కువ వేస్తుంది. ఆ గుర్తుపెట్టుకున్నది లాంగ్ టర్మ్ ట్రిమ్. రెండూ కూడి చూడాలి. మొత్తం అటూఇటూ 5 శాతంలో ఉంటే దిగుల్లేదు, 10 దాటితే వెతకాలి. 25 దరిదాపుల్లోకి వెళ్ళి అక్కడే ఉంటే చాలా కార్లలో లైటు వెలుగుతుంది.

ఇక మావయ్య కారు సంగతి. 2004 నిస్సాన్ 350జెడ్, 3.5 లీటర్ల వీ6. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పాత ఓనరు గాలి లోపలికొచ్చే గొట్టం తీసేసి, గట్టిగా చప్పుడు చేసే వెడల్పు గొట్టం బిగించాడు. కారు కంప్యూటర్ చెప్పేది చదివే రీడర్ పెడితే పీ0171, పీ0174 కోడ్‌లు వచ్చాయి. అంటే వీ ఆకారంలో ఉన్న రెండు వైపులా లీన్. నేను తప్పు చేసింది ఇక్కడే. లైటు చూడలేక బ్యాటరీ వైరు తీసి మళ్ళీ పెట్టాను. లైటు పోయింది, మావయ్య సంబరపడ్డాడు. కానీ దాంతోపాటు కంప్యూటర్ నేర్చుకున్న లెక్కంతా చెరిగిపోయింది. అది మళ్ళీ కూడబెట్టుకునేదాకా నాలుగు రోజులు ఊరికే కూర్చున్నాం.

ఐదో రోజు ఇంజన్ వేడెక్కాక, న్యూట్రల్‌లో లాంగ్ టర్మ్ ప్లస్ 15, షార్ట్ టర్మ్ ప్లస్ 7. మొత్తం 22. మూడు వేల ఆర్‌పీఎం‌కి లేపితే మొత్తం 9కి దిగింది. రెండు వైపులా ఇంచుమించు ఒకటే. రెండు వైపులా ఒకేలా ఉందంటే ఒక పక్క సెన్సర్‌నో పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌నో అనుమానించక్కర్లేదు. వేగం పెంచితే తగ్గిందంటే ఎక్కడో లెక్కలోకి రాని గాలి దొంగగా దూరుతోంది. చెంబుడు నీళ్ళు గ్లాసు మజ్జిగలో పోస్తే పలచనైపోతుంది, కుండెడు మజ్జిగలో పోస్తే తెలియను కూడా తెలియదు కదా! న్యూట్రల్‌లో ఇంజన్ తాగేది గ్లాసెడు గాలే. ట్యాంకులోంచి పెట్రోలు తోసే పంపు నీరసపడితే దీనికి రివర్సులో ఉంటుంది, తొక్కేకొద్దీ ప్లస్ పెరుగుతుంది.

చెవి పెట్టి వింటే సన్నగా బుస్సుమంటోంది. ఇంజన్ లోపలి ఆవిర్లని మళ్ళీ మండడానికి పంపే పీసీవీ వాల్వు నుంచి, సిలిండర్లకి గాలి పంచే మ్యానిఫోల్డుకి వెళ్ళే రబ్బరు పైపు మీద చెయ్యి పెట్టి తడిమాను. పైనంతా బాగుంది, అడుగున గోరంత పగులు. పగులుకీ మ్యానిఫోల్డుకీ మధ్య ఆ పైపుని ప్లయర్‌తో మెల్లగా నొక్కి, మావయ్యని స్క్రీన్ చూడమన్నాను. "ప్లస్ 7... 2... మైనస్ 6!" అని అరిచాడు. మైనస్ ఎందుకో చిన్నా, నువ్వు చెప్పు. లాంగ్ టర్మ్ ఇంకా పాత 15 మీదే ఉంది, అది మారడానికి టైం పడుతుంది. అవసరం 9కి తగ్గింది కాబట్టి మిగతా 6 షార్ట్ టర్మ్ కోసేసింది.

మరి ఆ 9? అది వెడల్పు గొట్టం పుణ్యం. లోపలికొచ్చే గాలిని లెక్కపెట్టే ఎయిర్ ఫ్లో సెన్సర్ గొట్టంలో పోయే గాలి మొత్తాన్నీ కొలవదు, తన ముందు నుంచి పోయే కాస్త చూసి మిగతాది అంచనా కడుతుంది. 70 మిల్లీమీటర్ల గొట్టం తీసి 73ది పెడితే వైశాల్యం దాదాపు 9 శాతం పెరుగుతుంది. సెన్సర్‌కి ఆ సంగతి తెలియదు, పాత లెక్కే చెబుతుంది. మామూలుగా నడిపేటప్పుడు ట్రిమ్ సర్దేస్తుంది. కానీ పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటర్ ఆ సవరణ మానేసి, ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం పోతుంది. అప్పుడు 12.5కి 1 ఉండాల్సిన గాలి, పెట్రోలు పాళ్ళు 13.6కి జారొచ్చు. వేడి పెరిగి నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి టపటపా పేలడం, మొదలైతే పిస్టన్‌కి చిల్లు పడేది అక్కడే.

మావయ్య నేరుగా ట్యూనింగ్‌కి, అంటే కంప్యూటర్‌లో ఆ పట్టికలు సరిచేయించడానికి, వెళ్దామని తొందరపడ్డాడు. నేను ఒప్పుకోలేదు. పగిలిన పైపుతో ట్యూన్ చేయిస్తే ఆ పగులు కూడా పట్టికలోకి ఎక్కుతుంది, రేపు పైపు మార్చగానే కారు రిచ్ అయిపోతుంది. ముందు పైపు మార్చాం. తర్వాత ట్యూనర్ ఆ గొట్టానికి తగ్గట్టు సెన్సర్ పట్టిక సరిచేశాడు. ఇప్పుడు ప్లస్ 1, మైనస్ 2 మధ్య తిరుగుతోంది. హార్స్‌పవర్ పెరిగిందా అని మాత్రం అడక్కండి, చప్పుడు పెరిగింది.

అక్కడ మీకు వచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకి కిలోకి 13.5 కిలోల గాలి చాలు. అందుకని పాత పెట్రోలు లెక్కతో తయారైన బాబాయి కారులో కొంచెం ప్లస్ కనిపిస్తే కంగారుపడకండి. ఈ ఆదివారం ఆయన్ని బతిమాలి రీడర్ పెట్టించండి. పది నిమిషాలు నడిపి ఇంజన్ వేడెక్కాక, న్యూట్రల్‌లో ఒకసారి, 2,500 దగ్గర ఒకసారి రెండు అంకెలూ రాసి నాకు ఫోటో పంపండి. లైటు వెలుగుతుంటే దాన్ని మాత్రం ఆర్పొద్దు.

మీ తాతయ్య