పై పన్ను కదులుతుంటే ముక్కు లోపల కూడా చూడాలి

పై దవడ వెనక పళ్ల వేళ్లకు సరిగ్గా పైన, బుగ్గ ఎముక లోపల ఒక గాలి గది ఉంటుంది. దాన్నే మాక్సిలరీ సైనస్ అంటారు. పళ్ల వేళ్లకూ ఈ గదికీ మధ్య ఉండేది పలుచని ఎముకే. గది విశాలం కనుక అందులో పుట్టిన కణితి చాలాకాలం చడీచప్పుడు లేకుండా పెరిగి, ఎముకను తినేశాక నోట్లోకి దిగుతుంది. చిగుళ్లు బాగానే ఉన్నా పై పన్ను కదలడం, పన్ను పీకిన గుంట మానకపోవడం, అంగిట్లో ఒకవైపు ఉబ్బు, కట్టుడు పళ్లు ఉన్నట్టుండి పట్టకపోవడం దాని గుర్తులు. వాటికి తోడు అదే వైపు ముక్కు దిబ్బడో, నెత్తురు చారో, బుగ్గ తిమ్మిరో ఉంటే పన్ను పీకే ముందు స్కాన్ చేయించాలి. తిమ్మిరిని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. నరం దాకా ఏదో చేరిందని దానర్థం.

ముందు ఎండోస్కోపుతో ముక్కు లోపల చూస్తారు. ఎముక ఎంత పోయిందో సీటీ చెబుతుంది. సైనస్‌లో ఉన్నది చీము ద్రవమో కణితో, నరాల వెంట ఎంత దూరం పాకిందో ఎంఆర్ఐ తేలుస్తుంది. స్కాన్లు అయ్యాకే బయాప్సీ (పరీక్షకు చిన్న ముక్క తీయడం) చేయాలి. రక్తనాళాలు దట్టంగా ఉన్న కణితిని తెలియక కోస్తే రక్తం ఆపడం కష్టం.

ఎక్కువగా పొరపాటు జరిగేది బయాప్సీలోనే. అంగిటికి చిల్లు పెట్టే ఎన్‌కే/టీ కణ లింఫోమాను (ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్) తీసుకోండి. దాని కణాలు రక్తనాళాల గోడల్లో దూరి వాటిని మూసేయడంతో చుట్టూ కండ చచ్చిపోతుంది. పైపైన గిల్లిన ముక్కలో ఆ చచ్చిన కండే వస్తుంది, రిపోర్టులో 'నెక్రోసిస్, వాపు' అని రాస్తారు. అందుకే పుండు అంచున బతికున్న కణజాలం నుంచి, లోతుగా, నాలుగైదు చోట్ల ముక్కలు తీయాలి. కొన్నిటిని ఫార్మలిన్‌లో వేసి, ఒకటి కల్చర్ కోసం సెలైన్‌లో పంపాలి. ఫార్మలిన్ తగిలిన ముక్కలో ఫంగస్ పెరగదు. మ్యూకర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) కూడా అంగిటిని ఇలాగే నల్లబరుస్తుంది, దానికి చికిత్స గంటల్లో మొదలవ్వాలి. అంగిటికి చిల్లు పెట్టగల ఇతర జబ్బులకూ, అంటే రక్తనాళాల వాపు జబ్బుకు ఆంకా అనే రక్తపరీక్ష, సిఫిలిస్‌కు రక్తపరీక్ష కూడా చేయించాలి. ప్రాణాపాయం లేనంతవరకు బయాప్సీకి ముందు స్టెరాయిడ్లు వద్దు. లింఫోమా తాత్కాలికంగా కుంచించుకుపోయి ముక్కలో దొరక్కుండా పోతుంది.

ముక్కను పరిశీలించే పాథాలజిస్టు ఈ లింఫోమా కణాలను గుర్తుపట్టేందుకు సీడీ3, సీడీ56 అనే ప్రత్యేక రంగులు వేసి, దానితో ముడిపడిన ఎప్‌స్టీన్-బార్ వైరస్ జాడ కోసం ఈబర్ అనే పరీక్ష చేస్తారు. మెలనోమాకు (రంగు కణాల క్యాన్సర్) నల్లరంగు లేకపోవచ్చు, దాన్ని ఎస్100, హెచ్ఎంబీ45 అనే రంగులు పట్టిస్తాయి. ఇంత తరచి చూడటం అవసరమే. కార్సినోమా (లోపలి పొర కణాల క్యాన్సర్) అయితే సాధారణంగా ఆపరేషన్‌తో తీసేస్తారు; ఈ లింఫోమాకు మందులు, రేడియేషనే ప్రధానం. పేరు తప్పితే అంగిలిని అనవసరంగా పోగొట్టుకోవాల్సి వస్తుంది.

రిపోర్టులో క్యాన్సర్ లేదని ఉన్నా అంగిట్లో చిల్లు పెద్దదవుతుంటే మళ్లీ బయాప్సీ అడగండి. పాత స్లైడ్లు, ముక్కలను మైనంలో భద్రపరిచిన పారఫిన్ దిమ్మెలు కూడా తీసుకుని ఈ కణితులు తరచూ చూసే పాథాలజిస్టుకు పంపమనండి.