ఫెరో దీవులు, 1940: ఎంఎస్ వివాదం మలుపు తిరిగిన చోటు

మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్, రావడానికి ముందు ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకి ఉండటం దాదాపు తప్పనిసరి అని 2022లో హార్వర్డ్ పరిశోధకులు, కోటి మందికి పైగా అమెరికా సైనికుల రికార్డుల ఆధారంగా తేల్చినప్పటి నుంచి, ఈ వ్యాధి ఉత్తర ఐరోపాలో ఎందుకంత ఎక్కువ, మన దగ్గర ఎందుకు తక్కువ అన్న పాత తగవు మళ్లీ రాజుకుంది. ఎండ తక్కువై విటమిన్ డి లోపించడమే కారణమన్న వాదాలు అందరికీ తెలిసినవే. అసలు మలుపు 1940 ఏప్రిల్‌లో, ఉత్తర అట్లాంటిక్‌లో డెన్మార్క్ ఏలుబడిలోని ఫెరో దీవుల్లో ఉంది.

జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించిన కొద్ది రోజులకే బ్రిటిష్ సేనలు ఆ దీవుల్లో దిగి, యుద్ధం ముగిసే దాకా ఉన్నాయి. జాన్ కుర్ట్‌స్కే, కే హిల్లెస్టెడ్ అనే నాడీవైద్యులు 1979లో ప్రచురించిన లెక్క ప్రకారం, దీవులు విడిచి ఎక్కువకాలం బయట ఉండని స్థానికుల్లో 25 మంది రోగులు తేలగా, 24 మందికి తొలి లక్షణాలు 1943-1960 మధ్యనే కనిపించాయి. అంతకు ముందు ఒక్కరూ లేరు. సైనిక శిబిరాలున్న ఊళ్లను, రోగుల ఊళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు అవే. సైనికుల వెంట ఏదో అంటురోగం వచ్చిందనీ, అది సోకినవారిలో కొద్దిమందికే ఏళ్ల తర్వాత ఎంఎస్‌గా బయటపడిందనీ, పసిపిల్లలకు కాక పదకొండేళ్లు దాటినవారికే ఆ ముప్పు అనీ కుర్ట్‌స్కే వాదించారు.

ఎవరిని స్థానిక రోగిగా లెక్కించాలన్న నిబంధననే 1988లో నాడీవైద్యుడు చార్లెస్ పోసర్ బృందం తప్పుబట్టింది. పాతిక మందితో సిద్ధాంతం కట్టడం సాహసమే, కాదనలేం.

అయితే వయసు గురించి కుర్ట్‌స్కే అన్న మాట నేటి చర్చకు బాగా అతుకుతుంది. ఎప్‌స్టీన్-బార్ ఎంగిలి ద్వారా సోకుతుంది. ఒకే గ్లాసు నీళ్లు, అమ్మ కొరికి పెట్టిన పండుముక్క ఉన్న మన ఇళ్లలో అది పసితనంలోనే సోకి, చడీచప్పుడూ లేకుండా ఒంట్లో ఉండిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో చాలామందికి అది యవ్వనంలో, గ్రంథులు వాచే జ్వరంగా వస్తుంది. ఆ జ్వరం వచ్చినవారిలో ఎంఎస్ ముప్పు ఎక్కువని తేలింది.

జన్యువులే మూలమనేవారు ఇరాన్ మూలాలున్న ముంబై, పుణెల పార్సీలను చూపుతారు: 1980ల సర్వేలో వారిలో లక్షకు సుమారు 26 మంది రోగులున్నారు, మిగతా భారతీయులకన్నా చాలా ఎక్కువ. కానీ ఫెరో ప్రజల జన్యువులు వెయ్యేళ్లుగా దాదాపు అవే. 1943ను అవి వివరించవు. అలాగని ఎప్‌స్టీన్-బార్ అంతటి సర్వవ్యాప్త వైరస్ 1940 దాకా ఆ దీవులకు చేరలేదనుకోవడమూ కష్టమే.