గుండె కణం నిన్నటిని మరిచిపోదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో గుండె డాక్టర్‌గా నేను రోజూ వినే మాటలివి. ముందు, అందరికంటే ఎక్కువ భయపెట్టేది.

అపోహ: ఈసీజీలో టీ తరంగం తలకిందులైతే గుండెపోటే.

వాస్తవం: గుండెపోటు కావచ్చు, కాకపోనూ వచ్చు. టీ తరంగం అంటే, గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ తేరుకునేటప్పుడు ఈసీజీలో పడే గీత. ఈ మధ్య పరకాల వైపు నుంచి ఒక పెద్దాయనను కూతురు తీసుకొచ్చింది. "సారూ, బాపుకు అటాక్ అచ్చిందట, వెంటనే యాంజియో చెయ్యాలన్నరు" అని ఏడుపు. ఆయనకు ఛాతీ నొప్పి లేదు, ఆయాసం లేదు. కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు ఒక చోట తీసిన ఈసీజీ అది. ఛాతీ లీడ్లన్నిట్లో (లీడ్ అంటే గుండెను ఒక్కో వైపు నుంచి చూసే ఈసీజీ గీత) టీ లోతుగా కిందికి ఉంది. కానీ గుండెను ఎడమ వైపు నుంచి చూసే ఒకటో లీడ్‌లో, ఏవీఎల్ లీడ్‌లో నిటారుగా ఉంది. చొక్కా పక్కకు జరిపితే ఎడమ భుజం కింద పేస్‌మేకర్ (గుండెను కరెంటుతో కొట్టించే చిన్న యంత్రం) ఉబ్బు కనిపించింది.

కూతురు సంచిలోంచి చీరల దుకాణం కవరు తీసింది. అందులో నాలుగు మడతల పాత ఈసీజీ, సగం వెలిసిపోయింది. కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. అది పేస్‌మేకర్ గుండెను కొట్టిస్తున్నప్పుడు తీసింది. అందులో క్యూఆర్‌ఎస్ (గుండె కింది గదులకు కరెంటు పాకేటప్పటి గీత) ఏ లీడ్లలో కిందికి దిగిందో, గుండె సొంతంగా కొట్టుకుంటున్న ఇప్పటి ఈసీజీలో టీ ఆ లీడ్లలోనే కిందికి దిగింది. రక్త పరీక్ష, ఎకో చేయించాను, రెండూ బాగున్నాయి. ఆయన కన్ను ఆపరేషన్ కూడా అయిపోయింది.

దీన్ని గుండె జ్ఞాపకం అంటాం. 1982లో అర్జెంటీనా వైద్యుడు రోజెన్‌బామ్ పెట్టిన పేరు. పేస్‌మేకర్ కరెంటు మామూలు దారిలో కాక కండరం గుండా పోతుంది. కొన్నాళ్లకు కణాలు తమ పొటాషియం ద్వారాలను ఆ దారికి తగ్గట్టు మార్చుకుంటాయి. తర్వాత గుండె సొంతంగా కొట్టుకున్నా, అలవాటైన ఎడ్లు పాత బాటే పట్టినట్టు, కణాలు తేరుకునే తీరు కొన్ని వారాల దాకా పాతదే. అయితే నొప్పి ఉన్న మనిషికి "ఇది జ్ఞాపకమే" అని సర్దిచెప్పకూడదు. గుండెపోటు కాదని తేల్చాకే ఆ మాట.

అపోహ: గుండె గడియారం లాంటిది, ప్రతి దెబ్బా ఒకటే.

వాస్తవం: ప్రతి దెబ్బా ముందు దెబ్బను బట్టే. గుండె వేగం పెరిగితే కణంలో కరెంటు నిలిచే సమయం తగ్గుతుంది, అదీ ఒక్కసారిగా కాదు. పద్మాక్షి గుట్ట మెట్లెక్కి కూర్చున్నాక నాడి నెమ్మదించినా, కణాలు కొత్త వేగానికి పూర్తిగా సర్దుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది.

అపోహ: ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) వచ్చి పోతుంది కదా, ఆగాక మందెందుకు?

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. 1995లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మేకల మీద చేసిన ప్రయోగం గుండె డాక్టర్లందరికీ తెలుసు. మొదట్లో లయ తప్పిస్తే కొన్ని సెకన్లలోనే సర్దుకునేది. ఆగిన ప్రతిసారీ మళ్లీ తప్పిస్తూ పోతే, 11 మేకల్లో 10కి అది ఒక రోజుకు పైగా ఆగకుండా సాగింది. వేగంగా కొట్టుకున్న కణాలు కాల్షియం ప్రవాహాన్ని తగ్గించుకుంటాయి, త్వరగా తేరుకుంటాయి, దాంతో లయ తప్పడం ఇంకా తేలికవుతుంది. అంటే లయ తప్పడమే మళ్లీ తప్పడానికి దారి వేస్తుంది. పైగా, ఆగిన రోజుల్లో కూడా గడ్డ కట్టి పక్షవాతం వచ్చే ముప్పు పోదు. రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

అపోహ: ఒక దెబ్బ తప్పి, గట్టిగా 'ధన్' మంటే గుండె ఆగబోతోందని.

వాస్తవం: చాలాసార్లు ముందే వచ్చిన ఒక చిన్న దెబ్బ, దాని తర్వాత కాస్త విరామం. ఆ విరామంలో గుండెలో రక్తం, కణంలో కాల్షియం ఎక్కువ చేరి తర్వాతి దెబ్బ బలంగా పడుతుంది. కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా మాత్రం ఆలస్యం చేయొద్దు.

ఒక్క మనవి. ఈసీజీ కాగితం మీద గీతలు వేడితో పడతాయి, ఏళ్లు గడిస్తే వెలిసిపోతాయి. తీసిన రోజే ఫోన్‌లో ఫొటో తీసి, తేదీ కనబడేలా దాచుకోండి. ఎప్పుడు నా దగ్గరికి వచ్చినా ముందు అదే అడుగుతాను.