ముందు వత్తులకు చోటివ్వండి

ప్రియమైన పిల్లలకు,

డిజైన్ కోర్సులో చేరిన నెలలోపే లీడింగ్, కెర్నింగ్, గట్టర్, బ్లీడ్ అంటూ ఇన్ని మాటలు మీద పడేసరికి టెన్షన్‌గా ఉందని రాశారు. కంగారు పడకండి. వాటిలో చాలావరకు పేజీ మీద ఖాళీ ఎక్కడ, ఎంత వదలాలో చెప్పేవే. తెలుగు పేజీ కట్టేటప్పుడు ఆ ఖాళీని మన అక్షరాలను చూసి నిర్ణయించాలి. మీకు పాఠాల్లో చూపించే లెక్కలు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలవి. అందుకే ఈ ఉత్తరం.

అన్నిటికన్నా ముఖ్యం లీడింగ్. సీసపు అచ్చులతో కంపోజింగ్ చేసిన కాలంలో వరుసల మధ్య సన్నటి సీసపు పట్టీలు పెట్టేవారు. ఇప్పుడు పట్టీలు పోయి అంకె మిగిలింది. అక్షరాలు కూర్చునే గీత బేస్‌లైన్. ఒక బేస్‌లైన్ నుంచి తరువాతి దానికి ఉన్న దూరమే లీడింగ్. దీన్ని పాయింట్లలో కొలుస్తారు, అంగుళానికి 72 పాయింట్లు. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఏమీ మార్చకపోతే, అంటే ‘ఆటో’లో ఉంచితే, లీడింగ్‌గా అక్షరం సైజులో 120 శాతం తీసుకుంటుంది. అంటే 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్ల లీడింగ్. ఇంగ్లీషుకు అది నడుస్తుంది. తెలుగులో పైన గుడిదీర్ఘాలు, కింద వత్తులు ఉంటాయి. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో ఒక అక్షరానికి రెండు వత్తులు. పై వరుసలోని ‘ష్ట్ర’ సరిగ్గా కింది వరుసలోని ‘కీ’ మీదికి వచ్చిందంటే రెండూ గుద్దుకుంటాయి. ఒక్కచోట తగిలినా చదివేవాడి కన్ను అక్కడ ఆగిపోతుంది. నేనైతే 150 శాతం దగ్గర మొదలుపెట్టి, ఫాంటును బట్టి పెంచుతాను, తగ్గిస్తాను. ఆటో మీద మాత్రం ఎప్పుడూ వదలను.

పేజీలు ఎక్కువవుతున్నాయని లీడింగ్ బిగించమని ఎవరైనా అడుగుతారు. పుస్తకాన్ని ఫారాల లెక్కన అచ్చు వేస్తారు. ఒక పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీల కట్టే ఫారం, సాధారణంగా ఫారానికి 16 పేజీలు. రెండు మూడు పేజీలు మిగిలితే మార్జిన్ సవరించండి, శీర్షికల దగ్గర చోటు తగ్గించండి. వరుసల మధ్య గాలి తీసేయకండి.

ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోయి అక్షరం పక్కన పడుతుంటే తప్పు ఫాంటుదే అనుకోకండి. ముందు పేరాగ్రాఫ్ మెనూలో మనలాంటి లిపుల అక్షరాలను సరిగ్గా కూర్చే వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకున్నారో లేదో చూడండి.

కెర్నింగ్ అంటే పక్కపక్కనున్న రెండు అక్షరాల మధ్య దూరం సవరించడం, ట్రాకింగ్ అంటే మొత్తం వరుసకు ఒకేలా సవరించడం. పెద్ద శీర్షికల్లో కెర్నింగ్ చూసుకోండి, చాలు. ట్రాకింగ్ తగ్గించి మాటలను ఇరికించవద్దు. యవత్తు కుడివైపుకు సాగి ఉంటుంది, పక్క అక్షరానికి తగులుతుంది.

జస్టిఫై, అంటే వరుసల రెండు అంచులనూ సమం చేయడం, దాని సంగతి కూడా ఆలోచించండి. మన మాటలు విభక్తులు, సంధులు కలుపుకొని పొడవవుతాయి. ‘మాట్లాడుకోవాల్సివచ్చినప్పుడు’ అనే మాట సన్నటి కాలమ్‌లో పడితే దాని పై వరుసలో రెండు మాటలే మిగిలి, వాటి మధ్య పెద్ద గుంత పడుతుంది. అలాంటి గుంతలు నాలుగైదు వరుసల్లో ఒకదాని కింద ఒకటి వస్తే పేజీలో తెల్లటి చార కనబడుతుంది. కాలమ్ వెడల్పు పెంచండి, లేదా ఎడమవైపు మాత్రమే సమం చేసి కుడి అంచును వదిలేయండి. అలా వదిలేసిన అంచు నాకు ఇష్టం.

తెలుగుకు ఇటాలిక్ సంప్రదాయం లేదు. ఆ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని పక్కకు తోసేస్తుంది, అంతే. ఒక మాటను ఎత్తి చూపాలంటే బోల్డ్ వాడండి. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. వాటిలో మండలి చదివే పాఠానికి బాగుంటుంది, రామభద్ర శీర్షికలకు.

గట్టర్ అంటే కాలమ్‌ల మధ్య ఖాళీ. పుస్తకం లోపలి అంచును కూడా అలాగే పిలుస్తారు. జిగురు బైండింగ్‌లో ఆ అంచు కొంత లోపలికి పోతుంది కాబట్టి అక్కడ ధారాళంగా వదలండి. రంగు పేజీ చివరిదాకా వెళ్లాలంటే కోత గీత దాటి 3 మిల్లీమీటర్లు అదనంగా పొడిగించండి, అదే బ్లీడ్.

స్క్రీన్ మీద జూమ్ చేసి చూసి లీడింగ్ తేల్చకండి. ఒక పేజీని నూరు శాతం సైజులో ఏ4 కాగితం మీద మూడు రకాల లీడింగ్‌తో ప్రింటు తీసి, ఇంట్లో అమ్మమ్మ చేత పైకి చదివించండి. ఎక్కడ తడబడిందో పెన్సిల్‌తో గుర్తుపెట్టి ఆ కాగితాలు నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య