కుట్ల దారం, పీచుమిఠాయి

పిల్లలూ,

మొన్న మా మనవడు సైకిల్ మీంచి పడితే మోచేతికి కుట్లు పడ్డాయి. లోపలి కుట్లు తీయక్కర్లేదు, అవే కరిగిపోతాయని డాక్టర్ గారు చెప్పారంట, వాడొచ్చి "తాతయ్యా, కరిగి ఎక్కడికి పోతాయి?" అనడిగాడు. ఆ దారం ఒకరకం ప్లాస్టికేరా, కాకపోతే ఒంట్లో నీళ్లు తగిలి మెల్లగా తెగిపోతూ చివరికి లాక్టిక్ యాసిడ్ లాంటివి అవుతుంది, పెరుగుకి పులుపిచ్చేది అదే. రెండు నెలలు దాటితే దారం జాడే ఉండదు.

ఆ సరుకుతోనే ఇప్పుడు వెంట్రుక కన్నా సన్నటి గొట్టాలు చేస్తున్నారు. తెగిన నరం రోజుకి సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది, పాపం దానికి దారి చూపించాలి కదా. గొట్టం ఒక్కటే చాలదు, లోపలి గోడకి కణాలు పట్టుకునే పూత కూడా ఉండాలి. మరి అంత సన్నటి దాంట్లోకి ఏ కుంచె దూరుతుంది?

నా చిన్నప్పుడు తిరనాళ్లలో కొనుక్కున్న పీచుమిఠాయి కాలవ గట్టు మీద చేయిజారి నీళ్లలో పడింది. వంగి తీసేలోపే గులాబీ రంగు కాస్త పాకి మొత్తం మాయం, ఇంటిదాకా ఏడుస్తూనే వెళ్లాను. ఇప్పుడనిపిస్తుంది, ఆ పోగుల మీద ముందే ఏదైనా పూసుంటే పంచదార పోయినా పూత మిగిలేది, పోగు ఉన్న చోటల్లా బోలుగా.

పని అదే. ముందు కరిగే పోగు తయారుచేస్తారు, దానిమీద కణాలకి నచ్చే పూత, ఆపైన కుట్ల దారం సరుకు, తర్వాత పోగుని కరిగించేస్తారు. మొదట పూసిందే లోపలి గోడ అవుతుంది. లోపల ఏం కావాలో ముందే అనుకుని మొదలుపెట్టాలన్నమాట, చదువైనా అంతే. 2000లో జర్మనీలో మార్‌బుర్గ్ యూనివర్సిటీ వాళ్లు పోగు మీద పూసి పోగుని తీసేసే ఈ పద్ధతి చూపించారు, చిత్రమేంటంటే వాళ్లు తీసేసిన పోగు పాలీలాక్టిక్ యాసిడ్, మన కుట్ల దారానికి చుట్టం. మరి ఆ చుట్టాన్నే గొట్టంగా మిగుల్చుకోవాలంటే లోపల ఇంకో రకం పోగు కావాలి, నీళ్లకి చప్పున కరిగేది.

పైన పూసే ద్రావణం మాత్రం ఆ పోగుని ముట్టుకోకూడదు. ఎలాగంటారా, ఈసారి పీచుమిఠాయి కొన్నప్పుడు ఒక చిటికెడు నీళ్లలో, ఇంకో చిటికెడు నూనెలో వేసి చూడండి. చూసి, రెండు గిన్నెల్లో ఏమైందో నాకు రాయండి.

మీ తాతయ్య