"సిస్టరమ్మకు జాలి లేదు": వార్డులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

నర్సు పనిలో చేరి 22 ఏళ్ళయింది. నంద్యాలలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో మొదలుపెట్టి, ఆదోని మీదుగా కర్నూలు చేరాను. ఇన్నేళ్ళలో "నువ్వు మా అమ్మవే తల్లీ" అని చేతులు పట్టుకున్నవాళ్ళున్నారు, "నీకు బిడ్డలు లేరా, ఇంత రాతిగుండేంది" అని తిట్టినవాళ్ళూ ఉన్నారు. తమాషా ఏమిటంటే రెండూ చాలాసార్లు ఒకే పనికి పడ్డాయి. పొద్దున తిట్టు తెచ్చిన పనే సాయంత్రానికి దండం తెచ్చిపెట్టింది. అందుకే మా దయ గురించి జనంలో ఉన్న అపోహలు కొన్ని రాస్తున్నాను. మమ్మల్ని పొగిడే అపోహలు కూడా ఉన్నాయి, వాటినీ వదలను.

అపోహ: గొంతెండిపోతున్నా గుక్కెడు నీళ్ళివ్వరు.

కోసిగి దగ్గరి పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. పేగు మెలిపడి కడుపు ఉబ్బిపోయింది, రాత్రికే ఆపరేషన్. కొడుకూ కోడలూ సుగ్గికని గుంటూరు వైపు మిరప కోతలకు పోయారు. ఫోను చేస్తే బస్సెక్కామన్నారు గానీ తెల్లారితేగానీ చేరరు. కాగితాల మీద అవ్వే వేలిముద్ర వేసింది. పక్కన ఉన్నది పన్నెండేళ్ళ మనవరాలు ఒక్కతే. "అక్కా, అవ్వ నాలిక పిడచకట్టుకపోతాంది, రెండు చుక్కలు పోస్తా" అని ఆ పిల్ల నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ వద్దన్నాను. ఐదోసారి అడగలేదు, నేను చూస్తుండగానే గ్లాసు అవ్వ నోటి దగ్గర పెట్టింది. గ్లాసు లాక్కుని గట్టిగా అరిచాను. వార్డు వార్డంతా నావైపు తిరిగి చూసింది.

వాస్తవం: మత్తు ఎక్కాక మనిషికి దగ్గు రాదు. కడుపులో ఉన్నది వెనక్కి గొంతులోకొచ్చి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా దీంతో మనిషి పోవచ్చు. ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లకైతే మామూలుగా తిండి 6 గంటల ముందు, ఉత్త నీళ్ళు 2 గంటల ముందు ఆపాలి. పేగు మూసుకుపోయినవాళ్ళకు ఆ లెక్క కూడా చెల్లదు, తాగినది కిందికి పోయే దారే ఉండదు కాబట్టి. ఒంటికి కావలసిన నీళ్ళు చేతి నరంలోంచి పోతూనే ఉంటాయి. ఎండేది నోరు. దానికి తడి దూది పెదాలకు అద్దితే చాలు.

ఇక నా తప్పు. నాలుగుసార్లు వద్దన్నాను గానీ ఎందుకో ఒక్కసారీ చెప్పలేదు. చెప్పడానికి నిమిషం పట్టేది. తరువాత దూది, చిన్న గిన్నెలో నీళ్ళు చేతికిచ్చి చూపిస్తే, అవ్వను థియేటర్‌లోకి తీసుకుపోయేదాకా ఆ పిల్ల పెదాలు తడుపుతూనే కూర్చుంది. నీళ్ళు ఆపడం నా డ్యూటీ, అరవడం కాదు. "కసిరినా సిస్టర్ మనసు వెన్న" అని మమ్మల్ని వెనకేసుకొచ్చేవాళ్ళుంటారు. ఆ మాట నాకు నచ్చదు. ఆ రోజు నేను అరిచింది ఓపిక అయిపోయి, అంతే.

అపోహ: సీసా ఎక్కించలేదంటే పట్టించుకోలేదనే.

మా వైపు డాక్టరు దయను సీసాలతో కొలుస్తారు. "పొద్దన్నించి కూసున్యాం, ఒక గ్లూకోజు సీసా అన్నా పెట్టలే" అని కోపం. ఊర్లో ఆరెంపీ అయితే అడక్కుండానే పెడతాడు మరి.

వాస్తవం: అరలీటరు సెలైన్ సీసాలో ఉండేది నీళ్ళు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. అంతే. 5 శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది, అంటే దాదాపు 100 క్యాలరీలు. ఒక పెద్ద జొన్నరొట్టె అంతకంటే ఎక్కువే ఇస్తుంది, పైగా సూది గుచ్చదు. వాంతులు లేకుండా నోటితో తాగగలిగే మనిషికి విరేచనాలైతే ఓఆర్ఎస్ నీళ్ళు చాలు. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్ళకు అక్కర్లేని సీసా పెడితే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం మొదలవుతుంది. సీసా పెట్టి పంపడానికి డాక్టరుకు అరనిమిషం చాలు. ఎందుకు అక్కర్లేదో కూర్చోబెట్టి చెప్పడానికే ఎక్కువ ఓపిక కావాలి, దానికేమో తిట్లు!

అపోహ: మనిషి చావుబతుకుల్లో ఉంటే మందెయ్యకుండా చూస్తూ కూర్చుంటారు.

దీని గురించి కొంచెం పొడుగ్గా చెప్పాలి, ఎందుకంటే ఆ కూర్చున్నది నేనే.

పత్తికొండ వైపు సెనక్కాయ చేన్లో కాయలు పెరుకుతున్న ఒకాయనకు సాయంత్రం కాలికి పాము కరిచింది. కాలికి తాడు బిగించి కట్టి, ఆటోలో తెచ్చారు. డ్యూటీ డాక్టరు చూశాడు, నేను రక్తం తీశాను, 2 మిల్లీలీటర్లు ఒక పొడి గాజు గొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టి, గడియారం చూసుకుంటూ పక్కనే కూర్చున్నాను. ఆయన భార్యకు ఒళ్ళు మండింది. "పాము కరిచిందంటే సూదెయ్యకుండా గాజుబుడ్డి ముందర పెట్టుకొని కూసున్యావేమి తల్లీ, నీ మొగునికైతే ఇట్లే కూసుంటావా?" అంది. ఆ మాటకు బదులు చెప్పలేదు. గొట్టాన్ని ఎవరూ కదిలించకుండా చూసుకోవడమే అప్పుడు నా పని.

వాస్తవం: కరిచిన ప్రతి పామూ విషం వదలదు. విషమే లేని పాములూ కరుస్తాయి. విషానికి విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది, కొందరికి పడక దద్దుర్లు, ఆయాసం, ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి కూడా రావచ్చు. అందుకే విషం ఎక్కిన గుర్తు కనబడితేనే ఇస్తారు. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. కదపకుండా 20 నిమిషాలు ఉంచిన రక్తం గడ్డకట్టిందా లేదా అన్నది ఆ విషాన్ని పట్టిచ్చే సులువైన పరీక్ష. దానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు, శుభ్రమైన గాజు గొట్టం, కదలకుండా కాపలా కాసే మనిషి చాలు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తున్నా, కనురెప్పలు వాలిపోతున్నా గొట్టం కోసం ఎవరూ ఆగరు, వెంటనే మందు మొదలవుతుంది. కట్లపామైతే మరీ మోసం. వాపుండదు, మంటుండదు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తాడు, ఆ తరువాత రెప్పలు వాలతాయి.

20 నిమిషాలకు గొట్టం వంచితే రక్తం నీళ్ళలా జారింది. విరుగుడు మందు 10 వయల్స్ (చిన్న మందు సీసాలు) కలిపి ఎక్కించడం మొదలుపెట్టాం. పిల్లవాడైనా పెద్దాయనైనా మొదటి మోతాదు ఒకటే. ఎదుట ఉన్నది పసివాడని పాము విషం తగ్గించుకోదు కదా! మందు పడకపోతే వెంటనే వెయ్యడానికి అడ్రినలిన్ సూది పక్కన సిద్ధం పెట్టుకుని, ఒంటి మీద దద్దురు లేస్తుందేమో, ఊపిరిలో తేడా వస్తుందేమో అని మళ్ళీ కూర్చున్నాను. మందు ఎక్కుతున్నంతసేపూ కూర్చున్నాను. 6 గంటలు గడిచాక మళ్ళీ గొట్టం, మళ్ళీ గడియారం. ఈసారి రక్తం గడ్డకట్టింది. భార్య నిద్రలో ఉంది, లేపలేదు.

తాడు సంగతి కూడా చెప్పాలి. తాడు బిగించకండి, బ్లేడుతో కోయకండి. కాలు కదలకుండా కర్ర కట్టి 108కి ఫోన్ చేయండి. ఆ బండ్లు 2005 ఆగస్టు నుంచి తిరుగుతున్నాయి, అయినా ముందు మంత్రగాడి ఇంటికి పోయి వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు.

అపోహ: ముందొచ్చినవాళ్ళను వదిలేసి వెనకొచ్చినవాళ్ళను చూస్తారు.

వాస్తవం: అవును, చూస్తాం. క్యాజువాల్టీలో వరుస వచ్చిన టైమును బట్టి కాదు, ప్రాణానికున్న ముప్పును బట్టి. గట్టిగా అరుస్తున్నవాడికి కనీసం ఊపిరి ఆడుతోందని తెలుస్తుంది. మాకు భయం మూలన మాటామంతీ లేకుండా చెమటలు పట్టి కూర్చున్నాయన్ను చూస్తేనే.

అపోహ: యాక్సిడెంట్ కేసైతే పోలీసులొచ్చేదాకా ముట్టుకోరు.

వాస్తవం: ముందు వైద్యం, తరువాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. హైదరాబాదు, బెంగళూరు మధ్య 44వ నంబరు హైవే మా ఊళ్ళ మీదుగానే పోతుంది కాబట్టి ఇది అందరూ తెలుసుకోవాలి. గాయపడినవాళ్ళను తెచ్చినవాళ్ళు పేరు చెప్పి తీరాలన్న నిర్బంధం కూడా లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ వాళ్ళకు రక్షణ ఇస్తుంది. దించేసి భయంతో పారిపోనక్కర్లేదు. ఎక్కడ పడ్డాడు, ఎప్పుడు పడ్డాడు అన్న రెండు ముక్కలు చెప్పి పోతే మాకెంతో మేలు.

అపోహ: వాళ్ళకు చావంటే అలవాటైపోయింది.

ఐసీయూలో ఒక మనిషి పోతాడు. మానిటరు ఆపేస్తాం. బయట ఏడుపు మొదలవుతుంది, లోపల మేం కదులుతూనే ఉంటాం. అద్దంలోంచి చూసినవాళ్ళకు "చూడు, ఏమీ పట్టనట్టు పని చేసుకుంటున్నారు" అనిపిస్తుంది.

వాస్తవం: ఆ పని ఏమిటో చెబుతాను. ముక్కులో గొట్టం, నోట్లో గొట్టం తీస్తాం. మూత్రం సంచి తీస్తాం. ఒళ్ళు తుడుస్తాం. కళ్ళు మూసి, దవడ కట్టి, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోకముందే సరిచేస్తాం. ప్లాస్టర్ అంటుకున్న చోట చర్మం లేచిపోకుండా తడిపి తీస్తాం, ఇక ఆయనకు నొప్పి తెలియదని తెలిసినా. ఇంటివాళ్ళు లోపలికొచ్చేసరికి వాళ్ళకు తెలిసిన మొహం కనబడాలి. మా దగ్గర ఒక ఆయమ్మ ఉండేది, పోయినవాళ్ళను కూడా "అబ్బా, కొంచెం పక్కకు తిరుగు" అని అడిగే తిప్పేది. ఇదంతా అయ్యేలోపు పక్క మంచానికి ఆరుగంటల సూది టైమవుతుంది. అక్కడ ఏడుస్తూ నిలబడితే మందు మోతాదు తప్పుతుంది. ఏడుపు ఇంటికి పోయాకే, అది కూడా అన్నిసార్లూ రాదు.

అపోహ: డబ్బు చూడని డాక్టర్లు వెనకటి కాలంతోనే పోయారు.

వాస్తవం: కర్నూలు పాతబస్తీలో డాక్టర్ ఇస్మాయిల్ హుస్సేన్ గారిని అడిగితే ఎవరైనా చెబుతారు, రెండు రూపాయల డాక్టరని. రోగులు చేతనైనంత ఇచ్చిపోయేవాళ్ళు. 76 ఏళ్ళ వయసులో, 2020 ఏప్రిల్‌లో, కరోనాతో పోయారు. అది వెనకటి కాలమేమీ కాదు. ఆ ఎండాకాలం పీపీఈ కిట్లలో మేం ఉడికిపోయాం. నీళ్ళు తాగితే బాత్రూముకు పోవాలి, పోతే కిట్ విప్పాలి, అందుకని తాగేవాళ్ళం కాదు. మా పక్కన నిలబడింది 23, 24 ఏళ్ళ హౌస్ సర్జన్లు. 1956లో మొదలైన మా ఊరి మెడికల్ కాలేజీ నుంచి ఏటా అలాంటి పిల్లలు వస్తూనే ఉన్నారు. గద్వాల నుంచీ రాయచూరు నుంచీ వచ్చినవాళ్ళను సరిహద్దులు అడక్కుండా చూస్తున్నారు. డబ్బు చూసేవాళ్ళు లేరా? ఉన్నారు. వెనకటి కాలంలోనూ ఉన్నారు.

అపోహ: డాక్టర్లు దేవుళ్ళు, నర్సులు దేవతలు.

ఏటా మే 12న ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజు మాకు దండలు వేస్తారు, దేవతలంటారు. ఆ రాత్రి డ్యూటీకి పోతే మళ్ళీ వార్డు మొత్తానికి నేనొక్కదాన్నే.

వాస్తవం: నేను నాలుగేళ్ళు బీఎస్సీ నర్సింగ్ చదివి నేర్చుకున్న పని చేస్తున్నాను. లేవలేని మనిషిని 2 గంటలకోసారి అటూ ఇటూ తిప్పాలి, లేకపోతే నడుము దగ్గర పుండు పడుతుంది. అది పడకపోతే ఎవరికీ కనబడదు, ఎవరూ మెచ్చుకోరు. రాత్రంతా అలా తిప్పడానికి మనుషులు కావాలి, బిరుదులు కాదు. వెంటిలేటర్ మీదున్న ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలి. వార్డులో ఒకే నర్సుకు ముప్పై, నలభై మంచాలు అప్పగిస్తే ఎంత మంచి మనసున్నదైనా నాలుగో గంటకు మాట కరుకెక్కుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. దేవుడన్నాక మనిషిని బతికించి తీరాలి. బతికించకపోతే అదే చేత్తో చెంప మీద కొడతారు. ఆసుపత్రి సిబ్బంది మీద దాడులకు మన రాష్ట్రంలో 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది, అయినా దెబ్బలు తిన్న హౌస్ సర్జన్‌కు నేనే కట్టు కట్టాను.

అపోహ: చెయ్యి తడిపితేనే బాగా చూస్తారు.

వాస్తవం: ఇది పూర్తిగా అబద్ధమని చెప్పలేను. స్ట్రెచర్ తోయడానికి, మగబిడ్డ పుట్టాడని చెప్పడానికి చెయ్యి చాపేవాళ్ళను నేనూ చూశాను, నేను పనిచేసిన ఒకచోట మా పక్క వార్డులోనే. ఇవ్వకండి. సూపరింటెండెంటుకు కాగితం మీద రాసివ్వండి, నోటిమాటగా చెబితే గాలికిపోతుంది. మందు మాత్రం డబ్బును బట్టి మారదు. కేస్‌షీట్‌లో డాక్టరు రాసిందే, రాసిన టైముకే పడుతుంది.

డిశ్చార్జి అయ్యాక తెచ్చేవాటి సంగతి వేరు. ఆ పత్తికొండాయన రెండు నెలలకు భార్యతో సహా వచ్చాడు, అర బస్తా సెనక్కాయలు మోసుకుని, ఆ చేన్లోవే. ఆమె నన్ను చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మధ్యాహ్నం ఆయమ్మ క్యాంటీన్‌లో పొయ్యి అడుక్కుని ఉడకబెట్టింది, వార్డుబాయ్ దగ్గర నుంచి పీజీ డాక్టర్ల దాకా అందరం తిన్నాం. ఉప్పు కొంచెం ఎక్కువైంది.