మతికీ మెతుకుకీ ఉన్న ముడి

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోని మానసిక చికిత్సాలయాలకు ఒక వింత జబ్బుతో రోగులు వచ్చి చేరుతుండేవారు. ఎండ తగిలిన చోటల్లా చర్మం కమిలి పొలుసులు లేచేది. విరేచనాలు పట్టుకునేవి. చివరకు మతి చలించేది. పెల్లాగ్రా అనే ఆ జబ్బు అంటువ్యాధి అని చాలామంది వైద్యులు గట్టిగా నమ్మారు. 1914లో ప్రభుత్వం పంపగా వెళ్ళిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడి కంట ఒక సంగతి పడింది. రోగులతో రోజంతా మెలిగే నర్సులకు, సిబ్బందికి ఆ జబ్బు రావడం లేదు. ఇద్దరి భోజనాలూ వేరు. పాలు, గుడ్లు, తాజా మాంసం పెట్టించి చూస్తే జబ్బు తగ్గుముఖం పట్టింది. లోపించినది నియాసిన్ అనే విటమిన్ అని 1937లో తేలింది.

తిండి చాలక మతి చెడుతుందని, తిండి సరిచేస్తే కుదుటపడుతుందని ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణ నాకు మరొకటి కనిపించదు. దాని దగ్గరి చుట్టం ఇప్పటికీ మన మధ్య ఉంది. అదే బి12 అనే విటమిన్ లోపం.

మాంసం, చేపలు, గుడ్లు, పాలలో ఉండే బి12 అక్కడి ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి జీర్ణాశయంలో ఊరే ఆమ్లం కావాలి. విడివడ్డాక జీర్ణాశయమే తయారుచేసే మరో ప్రొటీన్ దాన్ని చేయిపట్టుకుని చిన్నపేగు చివరిదాకా తీసుకెళ్తే గానీ అది రక్తంలో చేరదు. వయసు పైబడిన చాలామందిలో జీర్ణాశయపు లోపలి పొర పలచబడి ఆమ్లం తగ్గుతుంది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, కడుపులో మంటకు ఏళ్ళ తరబడి మింగే మాత్రలు దీనికి తోడవుతాయి. అందుకే కడుపునిండా తింటున్నవారిలోనూ బి12 అడుగంటవచ్చు. అరికాళ్ళలో తిమ్మిర్లు, నడకలో తూలు, మందకొడితనం, మతిమరుపు మొదలవుతాయి. ‘పెద్దతనం కదా’ అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుంటారు. ఒక్క రక్తపరీక్షతో బయటపడే లోపం ఇది. ఆలస్యం చేస్తే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. మతిమరుపు కనిపించిన ప్రతి పెద్దవారికీ ఈ పరీక్ష చేయించి తీరాలని నా గట్టి అభిప్రాయం.

అల్జీమర్స్ సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి 5.7 కోట్ల మంది డిమెన్షియాతో, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా క్షీణించే స్థితితో జీవిస్తున్నారు. వారిలో ఎక్కువమందికి ఉన్నది అల్జీమర్సే. దాన్ని ఒక విటమిన్ వేసి నయం చేయలేం. అక్కడ తిండి ప్రభావం చాలావరకు రక్తనాళాల దారిలో నడుస్తుంది. శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. పైగా దాచుకునే అలవాటు దానికి దాదాపు లేదు, ఏ పూట ఇంధనం ఆ పూట అందాల్సిందే. వెంట్రుక కన్నా సన్నని నాళాలు ఆ ఇంధనాన్ని మోస్తాయి. అదుపులో లేని రక్తపోటు, చక్కెర ఏళ్ళ తరబడి వాటిని బిరుసెక్కిస్తాయి. అక్కడక్కడా పూడుకుపోతే ఆవగింజంత మెదడు భాగం చడీచప్పుడు లేకుండా ఎండిపోతుంది. అల్జీమర్స్‌తో మరణించిన వృద్ధుల మెదళ్ళలో ఇలాంటి మచ్చలు కూడా తరచుగా కనిపిస్తాయి.

ఇక మెదడు కోసమే కూర్చిన భోజనాల మాట. చికాగోలోని రష్ విశ్వవిద్యాలయంలో మార్తా క్లేర్ మోరిస్ బృందం ఆకుకూరలు, గింజలు, పప్పుధాన్యాలు, బెర్రీపళ్ళు, చేపలతో ‘మైండ్’ అనే ఆహార పద్ధతిని రూపొందించింది. దాన్ని నిష్ఠగా పాటించినవారిలో అల్జీమర్స్ ముప్పు 53 శాతం తక్కువని 2015లో ప్రకటించింది. ఆశపుట్టించే అంకె. కానీ 604 మందిని రెండు జట్లుగా విడదీసి మూడేళ్ళు పరీక్షించిన ఫలితం 2023లో వచ్చినప్పుడు, మామూలు భోజనాన్నే కాస్త తగ్గించి తిన్న జట్టుకూ ‘మైండ్’ జట్టుకూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. బాగా తినేవారు సాధారణంగా బాగా నడుస్తారు, వైద్యుడి దగ్గరికి వేళకు వెళ్తారు. తిండి మేలునూ ఆ మేళ్ళనూ విడదీయడం కష్టం. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ళ మధ్య వయసున్న 1,260 మందితో జరిగిన ‘ఫింగర్’ పరీక్షలో మాత్రం మంచి తిండి, వ్యాయామం, మెదడుకు కసరత్తు, రక్తపోటు పర్యవేక్షణ కలిపి రెండేళ్ళు ఇచ్చినప్పుడు ఆలోచనాశక్తి మెరుగైంది.

మరో చిక్కు ఉంది. బ్రిటన్‌లో ఎనిమిది వేలమందికి పైగా ఉద్యోగులను దాదాపు పాతికేళ్ళు గమనించిన పరిశోధనలో, నడివయసు నాటి భోజన నాణ్యతకూ తర్వాత వచ్చిన డిమెన్షియాకూ సంబంధం కనిపించలేదు. అంటే కొన్ని అధ్యయనాల్లో తిండి చెడి మతి తప్పినట్టు కనిపించేది, నిజానికి మతి తప్పడం మొదలై తిండి చెడడం కావచ్చు. వైద్యులు జబ్బును గుర్తించడానికి కొన్నేళ్ళ ముందే చాలామంది బరువు తగ్గుతారు. వాసన పట్టే శక్తి మందగిస్తుంది, వండే వరస తప్పుతుంది, తిన్నామో లేదో గుర్తుండదు. అలాంటి మనిషికి ఇది మానేయండి, అది తగ్గించండి అని పథ్యాలు చెప్పడం నాకు బాధ కలిగిస్తుంది. వారికి కావలసింది ఇష్టమైన వంటకం, పక్కన కూర్చుని తినే తోడు, నెలకోసారి బరువు చూసే మనిషి.

ఒక్కోసారి అడ్డు ఆకలిది కాదు, చూపుది. అల్జీమర్స్ ముదిరేకొద్దీ రంగుల తేడా పట్టే శక్తి తగ్గుతుంది. తెల్లటి పళ్ళెంలో తెల్లటి పదార్థం వడ్డిస్తే, అక్కడ తినడానికేదో ఉందని వారికి తెలియకపోవచ్చు. బోస్టన్ పరిశోధకులు జబ్బు బాగా ముదిరిన తొమ్మిది మందికి తెల్లవాటికి బదులు ముదురు ఎరుపు పళ్ళేలు, గ్లాసులు ఇచ్చి చూశారు. చిన్న ప్రయోగమే. 2004లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం ఆ తొమ్మిది మంది అంతకుముందు కన్నా 25 శాతం ఎక్కువ తిన్నారు, 84 శాతం ఎక్కువ తాగారు.